చూరు కింది విల్లు: నల్లమల చెంచుల విల్లంబుల ముచ్చట

పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది. స్టడీ అవర్ అయినంక తీరుబడిగ చదువుండ్రి.

ఆగస్టు 9 దగ్గర పడ్డప్పుడల్లా మన హాస్టళ్లల్ల ఒకటే చర్చ. స్టేజీ మీద ఏ విల్లు పట్టుకోవాలె? ఒకరు రంగు కాయితం చుట్టిన విల్లు బాగుంటదంటరు. ఒకరు ఫొటోల పెద్దగ కనిపించేది కావాలంటరు. ఇంకొకరు ప్లాస్టిక్‌ది ఆన్‌లైన్ల తెప్పిద్దామంటరు. 1982 ఆగస్టు 9న జెనీవాల ఐక్యరాజ్యసమితి ఆదివాసీల వర్కింగ్ గ్రూపు మొదటిసారి కూర్చున్నది. ఆ తారీఖునే 1994ల ఆదివాసీ దినంగా ప్రకటించిండ్రు. అంత పెద్ద రోజున మనం చేతిల పట్టుకునే వస్తువు గురించి మనకు ఎంత తెలుసు అనేదే నా ప్రశ్న.

నేను అమ్రాబాద్ దిక్కు చెంచు పెంట పిల్లగాన్ని. మా ఇంట్ల కాలేజీ మెట్లు ఎక్కింది నేనే మొదలు. ఈ గ్రూపుల నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల జిల్లాల లంబాడీలు, ఎరుకలోళ్లు, చెంచులు అందరం ఉన్నం. అందరి ఇండ్లల్ల విల్లు లేకపోవచ్చు. కాని ఒక వస్తువును మన పేరు మీద అందరు వాడుకుంటుంటే, దాన్ని చేసే విద్య మాత్రం మన ఇంట్లనే పోతుంటే ఎట్లుంటదో అది అందరికీ తెలిసిన బాధనే. అందుకే రాస్తున్న.

కర్ర మిగలదు, రాయి మిగుల్తది

విల్లు చరిత్ర రాయనీకి మొదటి కష్టం ఏందంటే, విల్లు మిగలదు. కర్ర పుచ్చుతది, చెద తింటది, నార కుళ్లుతది. డెన్మార్క్ దేశంల హోల్మెగార్డ్ అనే చోట సుమారు 9,000 ఏండ్ల కిందటి ఎల్మ్ కర్ర విల్లు దొరికింది. బురద నేలల గాలి తగలకుండ పూడిపోయింది గనుక అది మిగిలింది. మన నల్లమల ఎండకు, వానకు, చెదలకు అట్ల మిగిలేది కష్టం.

మిగిలేది బాణం మొన. శ్రీలంకల ఫాహియన్ గుహల దొరికిన ఎముక మొనలు సుమారు 48,000 ఏండ్ల కిందటివని, అవి బాణాలకు పెట్టినవేనని 2020ల పరిశోధకులు ప్రకటించిండ్రు. ఆ గుహల ఉన్నోళ్లు వాన అడవుల కోతులను, ఉడుతలను కొట్టి తిన్నరు. మనకు దగ్గర చూస్తే, బనగానపల్లె పక్కన జ్వాలాపురంల ఒక రాతి చరియ కింద సుమారు 35,000 ఏండ్ల కిందటి నుంచి వాడిన సన్నని రాతి పలుకులు దొరికినై. వేలి గోరంత పలుకులు. అట్లాంటివి కర్రకు అతికించి వాడుతరని పండితులు చెప్తరు. అది విల్లుకా, ఈటెకా అనేది ఒక్క రాయిని చూసి చెప్పలేం.

అవి వాడినోళ్లు మా తాతముత్తాతలే అని నేను అనను. అంత దూరం చుట్టరికం కలుపుడు చరిత్ర కాదు. కాని ఒకటి మాత్రం అర్థం చేసుకోవాలె. విల్లు అనేది మ్యూజియంల దాచితే బతికే వస్తువు కాదు. ఒక తరం చేసి ఇంకో తరానికి చూపిస్తేనే బతికింది. నడుమ ఒక్క తరం తెగినా, భూమిల తవ్వి తీసుకునేది ఏం ఉండదు.

గుడి గోడ మీద, పల్లకి ముందర

రాజుల కాలానికి వస్తే విల్లు పట్టిన వేటగాడు మస్తు చోట్ల కనిపిస్తడు. శ్రీశైలం మల్లికార్జున స్వామి గుడి ప్రాకారం గోడను ఎవరైనా చుట్టి చూసిండ్రా? జాతరల తోపులాటల చాలామంది చూడరు. విజయనగర రాజుల కాలం నాటి ఆ గోడ రాళ్ల మీద వరుసలు వరుసలుగా బొమ్మలు చెక్కి ఉన్నయి. ఏనుగులు, గుర్రాలు, పురాణ కథలు, వాటి నడుమ వేట బొమ్మలు. ఆ స్వామినే మా వాళ్లు చెంచు మల్లయ్య అంటరు. చెంచు పిల్లను చేసుకున్నడు గనుక మాకు అల్లుడు అని కథ.

అహోబిలంల అయితే నరసింహస్వామి చెంచులక్ష్మిని చేసుకున్నడు. సంక్రాంతి కనుమ నాడు అక్కడ పారువేట ఉత్సవం మొదలైతది. పారువేట అంటే వేటకు పోవుడే. స్వామి పల్లకి నెల దాటి చుట్టుపక్కల ఊర్లు తిరుగుతది. ఆ పల్లకి బయలుదేరేటప్పుడు చెంచులు విల్లు ఎక్కుపెట్టి పల్లకి దిక్కు బాణాలు వేసుడు అక్కడి ఆనవాయితీ. ఊర్లోళ్లందరు దండం పెట్టే దేవుని మీదికి బాణం వేసే హక్కు చెంచులకు ఉన్నది. అది భక్తి కింద లెక్క.

కథల సంగతి చూస్తే, శ్రీకాళహస్తి తిన్నడు విల్లు పట్టినోడే. భారతంల ఏకలవ్యుడు విల్లు పట్టినోడే. ఒకాయన కండ్లు ఇచ్చిండు, ఇంకొకాయన బొటనవేలు ఇచ్చిండు. మన పిల్లలు చదివే కేంద్రం బడులకు ఏకలవ్య అనే పేరే పెట్టిండ్రు. గద్వాల దిక్కు ఎక్కువ కనిపించే బోయల పేరుకు నిఘంటువుల వేటగాడు అనే అర్థం. 1943లో ఒకసారి, 1958లో ఇంకోసారి చెంచులక్ష్మి పేరుతో సినిమాలు వచ్చినై. గుడిల, పురాణంల, సినిమాల విల్లుకు తక్కువ లేదు. కాని ఈ కథలు ఎన్ని చదివినా ఒక విల్లు ఎట్ల చేస్తరో, ఏ కర్ర మంచిదో నేర్చుకోలేం. విల్లు పట్టినోడే కావాలె వాళ్లకు. విల్లు చెక్కినోడు అక్కరలేదు.

తుపాకి వచ్చినంక

ఫర్హాబాద్ వ్యూ పాయింట్‌కు టూరిస్టులు జీపుల్ల పోతరు గదా, ఆ ఫర్హాబాద్ నిజాం వేటకు వచ్చే చోటు. అక్కడ పులిని కొట్టింది తుపాకితోని. అదే అడవిల చెంచు విల్లుతోని ఉడుమును, కుందేలును, పిట్టను కొట్టుకున్నడు. ఒకరికి అది సరదా, ఒకరికి ఆ పూట కూర. ఒకే అడవి, ఒకే కాలం.

తుపాకి ముందర విల్లు నిలుస్తదా అనే ప్రశ్నకు మన్యం చరిత్రల జవాబు ఉన్నది. అల్లూరి సీతారామరాజు విగ్రహం ఎక్కడ చూసినా చేతిల విల్లు ఉంటది. కాని 1922 ఆగస్టు 22న చింతపల్లి, మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి పోలీస్ స్టేషన్ల మీద పడి వాళ్లు తీసుకుపోయింది తుపాకులను, తూటాలను. విల్లు ఎంత వరకు పనికొస్తదో, ఎక్కడ పనికిరాదో వాళ్లకు బాగ తెలుసు. విగ్రహాలు చేసినోళ్లకు విల్లు అందంగ కనిపించింది. ఇది తక్కువ చేసి చెప్పుడు కాదు. విల్లు గొప్పతనం యుద్ధంల లేదు, బతుకుదెరువుల ఉన్నది అని నేను అనుకుంట.

1940ల నల్లమలకు వచ్చిన మనిషి

మా చెంచుల గురించి పుస్తకం రాసిన మొదటి పెద్ద పరిశోధకుడు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్. ఊరు ఆస్ట్రియా దేశం వియన్నా. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి ఆయన దగ్గర ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. అందుకే ఆయన్ని హైదరాబాద్ సంస్థానం దాటనియ్యలేదు. ఆయన 1940ల అమ్రాబాద్ పీఠభూమికి వచ్చి పెంటల్లనే ఉండి రాసుకున్నడు. అదే 1940ల జోడేఘాట్‌ల కొమురం భీం అమరుడైండు. దాని తర్వాతనే నిజాం సర్కారు ఈ హైమెండార్ఫ్‌నే ఆదిలాబాద్ గోండుల దగ్గరికి పంపింది. చెంచుల పుస్తకం 1943ల లండన్‌ల అచ్చయింది. ఆయన సిఫారసు మీద అమ్రాబాద్ పీఠభూమిల సుమారు లక్ష ఎకరాలు చెంచు రిజర్వుగా పెట్టిండ్రు. ఆయన తీసిన ఫొటోలు ఇప్పుడు లండన్‌ల సోయాస్ అనే విశ్వవిద్యాలయంల ఉన్నయి. అంటే మా ముత్తాతల కాలం విల్లు ఫొటోలు చూడాలంటే మేము లండన్ దిక్కు చూడాలె.

ఆ పుస్తకంల ఒక మాట అందరు గుర్తు పెట్టుకోవాలె. చెంచులను వేటగాళ్లని అందరు అంటరు. కాని హైమెండార్ఫ్ చూసినప్పుడు కూడ వాళ్ల కడుపు ఎక్కువ నింపింది వేట కాదు. గడ్డలు, పండ్లు, ఆకులు, ఇప్పపువ్వు. గడ్డలు తవ్వేది మొనకు ఇనుము తొడిగిన తవ్వుడు కట్టెతోని. విల్లు మగోళ్ల చేతిల ఉంటది. కట్టె ఆడోళ్ల చేతిల కూడ ఉంటది, పిల్లల చేతిల కూడ ఉంటది. విల్లు ఒకరోజు కూర తెస్తది, రెండు రోజులు వట్టి చేతులతోని వస్తది. తవ్వుడు కట్టె మాత్రం దినాం ఎంతో కొంత తెస్తది. మా అవ్వను అడిగితే కూడ ఇదే చెప్తది. ఫ్లెక్సీ మీద విల్లు ఒక్కటే వేస్తే ఇంట్ల సగం మంది కష్టం కనబడకుండ పోతది.

ఇంకో మాట. బాణం మొన ఇనుముది. ఇనుము అడవిల దొరకదు. కింద ఊర్ల కమ్మరి దగ్గర చేయించుకోవాలె. తేనె, జిగురు, ఇప్పపువ్వు ఇచ్చి మొనలు, గొడ్డళ్లు, ఉప్పు, బట్ట తెచ్చుకునేది. గనుక చెంచులు లోకంతోని సంబంధం లేకుండ బతికిండ్రు అనే మాట నిజం కాదు. ఒక్క బాణం చూస్తే చాలు. కాడ అడవిది, ఈక అడవిది, మొన సంతది.

విల్లు ఎట్ల ఏరుకుంటరు

ఇప్పుడు అసలు ముచ్చటకు వస్తున్న. మా తాత దగ్గర రెండు విల్లులు ఉండె. ఒకటి పెద్దది, ఒకటి పొట్టిది. చూడనీకి పెద్దదే బాగుంటది. తాత అడవికి తీసుకపోయేది మాత్రం పొట్టిదే. పొదల నుంచి దూరి పోలేని విల్లుతోని ఏం పని అనేటోడు. ఆయన చెప్పింది, నేను తర్వాత చదువుకున్నది కలిపి రాస్తున్న.

మొదలు కర్ర. నల్లమలల ఎక్కువ దొరికే వెదురు లోపల బోలు తక్కువ ఉండే గట్టి రకం. లేత బొంగు పనికిరాదు, వంచితే వంగి అట్లనే ఉండిపోతది. ముదిరినది చూసుకోవాలె. చలికాలంల, అమావాస్య దగ్గర కొట్టాలె అంటరు పెద్దోళ్లు, పురుగు పట్టదని. చంద్రుని సంగతి ఏమో గాని, చలికాలం సంగతి సైన్సు కూడ ఒప్పుకుంటది. బొంగుల పిండి పదార్థం తక్కువ ఉన్న కాలంల కొడితే పుచ్చు పురుగుకు తిండి ఉండదు. కొట్టినంక నీడకు ఆరాలె. ఎండల పెడితే పగుల్తది.

రెండోది, ఏ ముఖం ఎటు పెట్టాలె అనేది. విల్లు వంచినప్పుడు బయటి వైపు సాగుతది, మన వైపు నొక్కుకుపోతది. వెదురుల సాగే బలం ఎక్కువ ఉండేది పై తొక్క దగ్గర. అందుకే తొక్క ఉన్న ముఖం బయటికి పెట్టి, లోపలి ముఖాన్నే చెక్కుతరు. తొక్కను గీరితే విల్లు విరుగుతది. వేరే కర్ర అయితే దాని ఈనె తెగకుండ పొడుగునా ఒకటే వరుసల పోవాలె. ముడి ఉన్న కాడ విరుగుతది. ఫిజిక్స్ పుస్తకంల దీన్ని తన్యత, సంపీడనం అంటరు. మా తాతకు ఆ మాటలు తెల్వవు, కత్తికి తెలుసు.

మూడోది వంపు. పట్టు కాడ లావుగ, కొసలకు పోను పోను సన్నగ ఉండాలె. రెండు రెక్కలు సమానంగా వంగాలె. నారి కట్టి కొంచెం లాగి, దూరం నుంచి చూసి, ఎటు గట్టిగ ఉంటే అటు ఇంకొంచెం చెక్కాలె. ఇది తొందర పడితే అయ్యే పని కాదు. చెక్కినది మళ్ల అతికించలేం.

నాలుగోది చెయ్యి. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. విల్లు ఎంత గట్టిది అనేది కాదు, నువ్వు లాగి వణకకుండ ఎంతసేపు నిలబడతవు అనేది చూడాలె. బాణంల బలం రెండిటి లెక్క. ఎంత గట్టిది, ఎంత దూరం లాగినవు. చేతకాని గట్టి విల్లును సగం లాగి విడిస్తే, మెత్తటి విల్లును పూర్తిగ లాగి విడిచినంత కూడ పోదు. అందుకే ఒకరి విల్లు ఇంకొకరికి సరిపోదు. ఇది చెప్పులు కొనుక్కున్నట్టే. నా కాలుకు సరిపోయేది నీకు ఇరుకైతది.

అయిదోది చప్పుడు. నారి వదులుగ ఉంటే టంగుమంటది. జంతువు చెవికి అది చాలు, ఉరుకుతది.

చేసుకున్నంక కాపాడుడు కూడ ఒక విద్యనే. పని లేనప్పుడు నారి దింపి పెట్టాలె, లేకుంటే కర్ర వంగి బలం పోతది. బాణం లేకుండ ఉత్త నారి లాగి విడవొద్దు. ఆ దెబ్బంత కర్రే తింటది, పగుల్తది. స్టేజీ మీద మన పిల్లలు మొదలు చేసే పని ఇదే. ఇంట్ల అయితే పొయ్యి మీద చూరు కింద పెట్టాలె. పొగకు పురుగు రాదు.

లోకంల మస్తు గొప్ప విల్లులు ఉన్నయి. ఇంగ్లండు రాజు ఓడ మేరీ రోజ్ 1545ల మునిగింది, 1982ల పైకి తీసిండ్రు. అండ్ల యూ కర్ర విల్లులు వందకు పైగా దొరికినై, మనిషి నిలువు కన్నా పొడుగువి. అవి సైనికుల వరుసలు నిలబడి విడిచేటియి. మొగలాయిల విల్లులు కొమ్ము, నరము, కర్ర సర్రేసుతోని అతికించి చేసినవి. పొట్టిగ ఉన్నా మస్తు బలం. కాని వానకాలం తేమకు సర్రేసు పట్టు విడుస్తది. నల్లమల పొదలల్ల ఆ పొడుగుదీ నడవదు, ఆ అతుకులదీ నడవదు. అడవిని బట్టి విల్లు. మా తాత పొట్టి వెదురు విల్లు ఏం తెలివి లేని వస్తువు కాదు, ఆ అడవికి అదే సరైన లెక్క.

చట్టంల విల్లు

1972ల వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. అండ్ల ఆయుధం అంటే ఏందో రాసిన చోట తుపాకులు, విషం, వలలు, ఉచ్చులతో పాటు విల్లు, బాణాలు అని కూడ రాసి ఉన్నది. 31వ సెక్షన్ ప్రకారం ముందుగ రాతపూర్వక అనుమతి లేకుండ ఆయుధంతోని అభయారణ్యంలకు పోవద్దు. 1991 సవరణతోని చిన్న జంతువుల వేట లైసెన్సులు కూడ పోయినై. మన అడవి 1978ల అభయారణ్యం అయింది, 1983ల ప్రాజెక్ట్ టైగర్ కిందికి వచ్చింది. తెలంగాణ వచ్చినంక మన వైపు భాగం అమ్రాబాద్ టైగర్ రిజర్వు అయింది, 2,611 చదరపు కిలోమీటర్లు. అప్పాపూర్, భౌరాపూర్ లాంటి పెంటలు ఆ అడవి లోపలనే ఉన్నయి. బయటోడు అభయారణ్యంలకు పోతడు, వస్తడు. చెంచు ఇల్లే అండ్ల ఉన్నది. చూరు కింద ఉన్న విల్లు ఆ చట్టం మాటల్ల ఆయుధం.

2006 అటవీ హక్కుల చట్టం చాలా హక్కులు ఇచ్చింది. ఆదిమ తెగలకు ఆవాస హక్కు కూడ ఇచ్చింది. మేము 1975 నుంచి ఆ ఆదిమ తెగల పట్టికల ఉన్నం. 2011 లెక్కల ప్రకారం తెలంగాణల చెంచులం 16,912 మందిమి. కాని ఆ చట్టంలనే సంప్రదాయ హక్కుల మాట రాసిన కాడ, వేట హక్కు తప్ప అని రాసిండ్రు. దేశంల ఒక్క చోట మాత్రం వన్యప్రాణి చట్టమే మినహాయింపు ఇచ్చింది. 65వ సెక్షన్ చూడుండ్రి, నికోబార్ దీవుల షెడ్యూల్డ్ తెగల వేట హక్కులకు ఈ చట్టం అడ్డు రాదు అని ఉంటది.

నేను వేట మళ్ల మొదలు పెడదాం అంటలేను. అడవిల జంతువులు తగ్గినయి, మా వాళ్లే ఎంతోమంది ఫారెస్టు బేస్ క్యాంపుల వాచర్లుగ, పులి అడుగులు చూసేటోళ్లుగ పని చేస్తుండ్రు. వాళ్లకు అడవిని చదువుడు నేర్పింది ఆ పాత వేటనే. నేను అడిగేది వేరే. వేట ఆగింది, సరే. దాంతో పాటు విల్లు చెక్కే చెయ్యి కూడ ఆగాలెనా? అదే 2006 చట్టం వెదురును చిన్న తరహా అటవీ ఉత్పత్తుల కింద లెక్క కట్టింది, దాన్ని సేకరించుకునే, వాడుకునే హక్కు హక్కుదారులకు ఇచ్చింది. అడవి భూమి అంటే అభయారణ్యాలు కూడ అని రాసింది. అంటే వెదురు మీద హక్కు ఉన్నది, వేట మీద లేదు. ఈ రెండిటి నడుమ విల్లు ఉన్నది. దాని గురించి అడిగేటోడు లేడు. రేపు గ్రామసభల హక్కుల దరఖాస్తు రాసేటప్పుడు చదువుకున్న మనమే ఈ ముచ్చట లేవనెత్తాలె.

వేట లేకున్నా విల్లుకు బతుకు ఉంటదనేదానికి లింబారామ్ సాక్ష్యం. రాజస్థాన్ ఉదయ్‌పూర్ జిల్లా గిరిజన పిల్లగాడు. వెదురు విల్లుతోని పిట్టలను కొట్టుకుంట పెరిగిండు. 1987ల స్పోర్ట్స్ అథారిటీ వాళ్లు సెలక్షన్ పెడితే ఎంపికైండు. 1988, 1992, 1996 మూడు ఒలింపిక్స్‌కు పోయిండు. 2012ల పద్మశ్రీ వచ్చింది. నాగర్‌కర్నూల్, అచ్చంపేట, వనపర్తి, గద్వాల హాస్టళ్ల గ్రౌండ్లల్ల కబడ్డీ కోర్టు గీసినట్టు ఒక గురి పలక కూడ పెట్టమని అడిగితే పెద్ద కోరిక ఏం కాదు.

ఇక నాకు ఇష్టమైన విల్లు

స్టేజీ మీద రంగు విల్లు ఉన్నది, గుడి గోడ మీద రాతి విల్లు ఉన్నది, లండన్ ఫొటోల పాత విల్లు ఉన్నది, చట్టంల ఆయుధం అనే విల్లు ఉన్నది. నన్ను ఏరుకోమంటే చూరు కింద పొగచూరిన పొట్టి విల్లునే ఏరుకుంట. దాన్ని చూసి మళ్ల ఒకటి చేయొచ్చు గనుక. మిగిలినవాటిని చూసి చెయ్యలేం.

ఈసారి దసరా సెలవులకు ఇంటికి పోయినప్పుడు అందరు ఒక పని చెయ్యుండ్రి. విల్లు ఉన్నా సరే, తవ్వుడు కట్టె ఉన్నా సరే, ఎరుకల తమ్ముళ్ల ఇంట్ల బుట్ట అల్లే కత్తి ఉన్నా సరే, తండాల అవ్వ అద్దాలు కుట్టే సూది ఉన్నా సరే. నోట్‌బుక్‌ల ఇవి రాసుకోండ్రి:

1. దాన్ని మీ ఇంట్ల ఏ పేరుతోని పిలుస్తరు? దాని ఒక్కో భాగానికి పేరు ఏంది? పుస్తకం మాట కాదు, అవ్వ తాత నోటి మాట రాయాలె.
2. ఏ చెట్టుది? ఏ నెలల కొట్టిండ్రు? ఎన్ని రోజులు ఆరబెట్టిండ్రు?
3. పొడుగు ఎంత, నడుమ లావు ఎంత? స్కేలు పెట్టి కొలవాలె.
4. ఎవరు చేసిండ్రు? వాళ్లకు ఎవరు నేర్పిండ్రు?
5. ఇప్పుడు చెయ్యమంటే చేసేటోళ్లు మీ పెంటల, తండాల ఎంతమంది ఉన్నరు?
6. పెద్దోళ్లు ఒప్పుకుంటే చేసేటప్పుడు చేతుల వీడియో తియ్యుండ్రి. మొఖం, పేరు వద్దంటే వద్దు.

అయిదో ప్రశ్నకు జవాబు మా పెంటల అడిగిన. ముగ్గురు. ముగ్గురికీ అరవై దాటినై. వాళ్లల్ల ఒకాయన, వచ్చే చలికాలంల వెదురు కొడదాం రా, ఊకె రాసుకుంట కూసుంటే ఏం వస్తది అన్నడు. పోతున్న. మీ దగ్గర లెక్క ఎంతనో మీరు కూడ రాయుండ్రి.